తోటముడి

ద్రాక్షపాకం డబ్బా మూత తీసేసరికే భానోజీకి చేతులు లాగుతున్నాయి. పొద్దుటి నుంచీ సముద్రపు గోడ దగ్గర నీళ్ళు తోడే పంపులతోనే సరిపోయింది. ఒకటి ఆగితే ఇంకొకటి తిప్పాలి, అది వేడెక్కితే మొదటిదాన్ని బతిమాలాలి. ఇంటికి వచ్చి కుర్చీలో కూలబడాలనే ఉంది గానీ, జాడీ ఈ సాయంత్రమే పెట్టకపోతే నెలాఖరుకి వైన్ అందదు.

డబ్బాలో పాకం నల్లగా, బెల్లప్పాకంలా చిక్కగా ఉంది. గాజు జాడీలో గోరువెచ్చటి నీళ్ళు పోసి, పాకాన్ని అందులోకి వంచి, కర్రగరిటెతో తిప్పాడు. తీపికొలత గొట్టాన్ని ముంచితే అది బాగా పైకి తేలింది. తీపి ఎక్కువైంది. ఇంకో చెంబుడు నీళ్ళు పోశాడు. ఫ్రిజ్‌లోంచి తన తోడుసీసా తీసి, రెండు చెంచాలు జాడీలో కలిపి, బుడగమూత బిగించాడు. లోపలి గాలి బుడగలు బుడగలుగా బయటికి పోతుంది, బయటి గాలి లోపలికి రాదు.

ఆ సాయంత్రం విశాఖపట్నంలో ఏ ఇంట్లోకి తొంగిచూసినా ఇలాంటి జాడీ కనబడుతుంది. ఇంట్లో ఎందరుంటే అన్ని జాడీలు. కడుపుతోటలు వచ్చినప్పటి నుంచీ అంతే. పన్నెండేళ్ళు నిండిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ పేగుల్లో ఒక తోట వేస్తారు. కంటికి కనబడని సూక్ష్మజీవులను ఆ ఒంటికి సరిపడేలా ఏరి నాటిన తోట అది. దాని పుణ్యమా అని చక్కెర జబ్బు పోయింది, రక్తపోటు పోయింది. భానోజీ తాత కాలు తీయించుకున్న జబ్బు పేరు కూడా ఇప్పటి పిల్లలకు తెలియదు. బదులుగా చేయవలసింది చిన్న పనే అనుకున్నారు అప్పట్లో. ఎవరి తిండిలో వాళ్ళు తమ తోట నుంచి తీసిన తోడు కలుపుకోవాలి. ఇంకొకరి తోడు తగిలిన ముద్ద మింగితే మాత్రం లోపల రెండు తోటలూ తగువు పడతాయి, మనిషి వాంతులతో మంచమెక్కుతాడు.

అలా హోటళ్ళు మూతపడ్డాయి. విందుకి వెళ్ళినా ఎవరి క్యారేజీ వాళ్ళే పట్టుకెళ్ళడం మర్యాద అయింది. పులిసే పదార్థాలతో మరీ జాగ్రత్త కాబట్టి తయారైన వైన్‌ను దుకాణాల్లో అమ్మడం మానేశారు. పాకం డబ్బా కొనుక్కుని ఎవరిది వాళ్ళు ఇంట్లో పులియబెట్టుకోవలసిందే. తోడు వైన్‌లో నిలిచినట్టు ఇంకెందులోనూ నిలవదని డాక్టర్లు తేల్చడంతో, ఒకప్పుడు మందు పేరెత్తితే చెవులు మూసుకున్న ఇళ్ళలో కూడా పడుకునే ముందు చిన్న గ్లాసుడు తాగుతున్నారు. దాన్ని తోటనీళ్ళు అంటారు.

భానోజీ జాడీలో సగం మాత్రమే అతనిది. మిగతా సగం రత్నానికి. పూర్తి పేరు నూకరత్నం. అతని మేనమామ కూతురు. చాలా ఏళ్ళు అతని భార్య. ఇప్పుడు భీమిలిలో ఇంకొకరి భార్య.

వాళ్ళ పెళ్ళినాటికి తోటముడి కొత్త మోజు. ఇద్దరి తోటలనూ కలిపి ముడివేస్తే మొగుడూ పెళ్ళాం ఒకే కుండలో వండుకుని ఒకే కంచంలో తినవచ్చు. వేసిన తోటకి ముడి ఒక్కసారే పడుతుంది. ముడిపడ్డ తోటలకి ఒకదాని తోడు ఇంకొకదానికి అందుతూ ఉండాలి, లేకపోతే రెండూ ఎండిపోతాయి. కలిసి కాపురం చేసేవాళ్ళకి ఆ సంగతి గుర్తుకూడా రాదు. వీళ్ళకి మాత్రం విడాకులు వచ్చాక గుర్తొచ్చింది. పెళ్ళి రద్దయిందని కోర్టు మనుషులకి చెప్పింది గానీ, తోటలకి చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేకపోయారు.

అందుకని తొమ్మిదేళ్ళుగా నెలకొకసారి అతను ఒక సీసాతో భీమిలి రేవుకి వెళ్తాడు, రత్నం ఒక సీసా తెస్తుంది. అతని సీసాని వెలుతురుకి ఎత్తి చూసి, "మళ్ళీ తొందరపడి దింపేసేవు బావా, మడ్డి ఇంకా తేరనేలేదు" అంటుంది. సీసాలు మార్చుకుని ఎవరి దారిన వాళ్ళు వెళ్తారు.

ఈసారి అతను చెప్పవలసింది ఒకటుంది. అనంతగిరి కొండమీది జలాశయానికి కాపలాపనికి పెట్టుకున్న బదిలీ మంజూరైంది. మనుషులు తక్కువ, పంపులు లేవు, సముద్రం హోరు వినబడదు. నెలనెలా సీసాలు కొండకి వెళ్ళే బండిలో పంపుకుంటే సరిపోతుంది. నిద్ర అంటే ఏమిటో అక్కడ తెలుస్తుందని అతని ఆశ.

చేతులు కడుక్కుంటుంటే తలుపు చప్పుడైంది. తీస్తే గవర్రాజు.

రత్నం మొగుణ్ణి భానోజీ రేవులో దూరం నుంచి చూడడమే తప్ప ఎన్నడూ మాట్లాడలేదు. పడవల మోటార్లు బాగుచేసే మనిషి, పొడగరి. గుమ్మంలో వంగి నిలబడ్డాడు.

"రత్నానికి బాగులేదండి," అన్నాడు.

"ఏటయింది?"

"కడుపునొప్పంటే గ్యాసనుకున్నాం. అపెండిసైటిసట. లోపలే పగిలిపోయింది. ప్రాణం నిలబెట్టడానికి పెద్ద మందులెక్కించేరు. తోట మొత్తం మాడిపోయిందంటన్నారు. మిమ్మల్ని తీసుకురమ్మన్నారు."

ఆసుపత్రిలో డాక్టర్ మృణాళిని ఇద్దరినీ కూర్చోబెట్టింది. నిద్రలేని ఎర్రటి కళ్ళు, నెమ్మదైన గొంతు.

"ఆమె గండం గడిచింది గానీ, కడుపు బోసిపోయింది. నోటితో ఏమిచ్చినా నిలవడం లేదు. ఈ వయసులో కొత్త తోట నాటితే ఒళ్ళు ఒప్పుకోదు. ఆమె ఒళ్ళు ఇంకా గుర్తుపట్టే తోడు ఒక్కటే మిగిలింది. అది మీ దగ్గరుంది భానోజీగారూ."

"సీసాలు పంపితే చాలదా?"

"చాలదు. పూట పూటకీ మీ చేత్తో వండి, మీ తోడు అప్పటికప్పుడు కలిపి పెట్టాలి. ముందు గంజి, తర్వాత మెత్తటి అన్నం. రాత్రికి మీ వైన్ చెంచాలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. కొన్ని నెలలు పడుతుంది."

గవర్రాజు గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. భానోజీకి అనంతగిరి గుర్తొచ్చింది. కాదనడానికి కావలసిన ఓపిక అతనిలో లేదు.

"సరే," అన్నాడు.

రత్నాన్ని భీమిలి ఇంటికి తెచ్చాక, భానోజీ తన జాడీనీ తోడుసీసానీ రెండు జతల బట్టలనీ తీసుకుని వెళ్ళాడు. ఆమె సగానికి సగం అయిపోయి మంచంలో ఉంది. కళ్ళు తెరిచి చూసింది.

"నువ్వేటి బావా ఇక్కడ?"

"వంటకి."

ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది. కానీ గంజి పట్టుకెళ్తే నోరు తెరిచింది. మొదటి చెంచా కడుపులో నిలిచింది, రెండోదీ నిలిచింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న గవర్రాజు గట్టిగా ఊపిరి వదిలి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

రోజులు ఒకదాని వెనక ఒకటి ఈడ్చుకుంటూ నడిచాయి. భానోజీ పొద్దున్నే గంజి కాచి, గోడ మీద పనికి వెళ్ళి, మధ్యాహ్నం పడవెక్కి వచ్చి వండి, మళ్ళీ వెళ్ళి, సాయంత్రం తిరిగి వచ్చేవాడు. పడవలో నిలబడే కునుకు తీసేవాడు. అనంతగిరి వాళ్ళు కొంత గడువిచ్చారు.

రత్నానికి కాస్త గొంతు వచ్చాక మంచం మీంచే వంటింటిని ఏలడం మొదలుపెట్టింది.

"జాడీలో బుడగలు ఇంకా వస్తన్నాయా?"

"ఎక్కడో ఒకటి."

"అయితే ముట్టుకోకు. అది ఆగాలి. ఆగేక మడ్డి అడుక్కి దిగాలి. అప్పుడు పైది మాత్రం నెమ్మదిగా గొట్టంతో దించుకోవాలి. కుదిపేవో, మళ్ళీ మొదటికొస్తాది."

"తెలుసు."

"తెలుసని తొమ్మిదేళ్ళూ బురదనీళ్ళే పోసేవు నాకు."

అతను జాడీని ముట్టుకోలేదు. ఆమె చెప్పిన రోజునే దించాడు. అతని చేతిలో వైన్ అంత తేటగా దిగడం అదే మొదటిసారి. గ్లాసు ఎత్తి చూసి ఆమె ఏ వంకా పెట్టలేదు. తాగేసి, ఖాళీ గ్లాసు అతని చేతికిస్తూ అంది.

"నువ్వు చెడ్డోడివి కావు బావా. ఇంటికి రాలేదు, అంతే. నీ చొక్కా వచ్చీది, చెప్పులు వచ్చీవి. నువ్వు ఆ గోడ దగ్గరే ఉండిపోయీవోడివి."

"ఉప్పెన తర్వాత మనుషులు చాల్లేదు రత్నం. వదిలేసుంటే ఊరు మునిగిపోయీది."

"నిజమే. ఊరిని కాపాడేవు," అంది ఆమె. "నేనూ ఆ ఊళ్ళోనే ఉన్నాను."

భానోజీ ఖాళీ గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, కడిగి, మళ్ళీ కడిగాడు.

గవర్రాజు ఇంట్లో ఒక నీడలా మసిలేవాడు. తన అన్నం తను వండుకుని, కిటికీ దగ్గర స్టూలు వేసుకుని తినేవాడు. రత్నాన్ని ఎత్తి కూర్చోబెట్టడం, ఒళ్ళు తుడవడం, పక్కబట్టలు ఉతకడం అతనే చేసేవాడు. భోజనం వేళకి మాత్రం పక్కకి తప్పుకునేవాడు. భానోజీ ఆమెకి అన్నం కలిపి పెడుతుంటే అతను మోటారు ముక్కేదో ఒళ్ళో పెట్టుకుని దాని మీంచి తల ఎత్తేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం భానోజీ వచ్చేసరికి రత్నం నిద్రపోతోంది. పెరట్లో కుళాయి దగ్గర గవర్రాజు మోకాళ్ళ మీద పడి వాంతి చేసుకుంటున్నాడు. వంటింట్లో జాడీ సగం ఖాళీగా ఉంది. భానోజీకి అర్థమైంది. పరుగున వెళ్ళి వెనక నుంచి అతని నుదురు పట్టుకున్నాడు. అంత పెద్ద ఒళ్ళూ గజగజ వణుకుతోంది.

"ఎందుకు తాగేవయ్యా? చచ్చిపోదువు!"

భానోజీ అతన్ని లోపలికి నడిపించి, చాప మీద పడుకోబెట్టి, గవర్రాజు సొంత తోడుసీసా వెతికి, నీళ్ళలో కలిపి చుక్కచుక్కగా పట్టాడు. చీకటి పడేదాకా వాంతులు తగ్గలేదు. గోడకి కబురుపెట్టి ఆ పూట పని మానేశాడు. ఆ ఉద్యోగంలో చేరిన తర్వాత పని మానడం అతనికి అదే మొదలు.

తేరుకున్నాక గవర్రాజు పైకప్పు చూస్తూ మాట్లాడాడు.

"మీరు పెడితే తింటన్నాది. మొహానికి రంగొచ్చింది. సంతోషమేనండి, నేనేమీ అననండి. అన్నీ తెలిసే చేసుకున్నాం. తన చేతి ముద్ద నాకు రాదు, నా చేతి ముద్ద తనకి పోదు, ఫరవాలేదనుకున్నాం. ఫరవాలేదు కూడానండి, ఇన్నాళ్ళూ. కానీ మనిషి చచ్చిపోతంటే గరిటెడు గంజి పొయ్యడానికి పనికిరాకపోతే నేనింట్లో ఎందుకండీ? అదేటో ఒకసారి లోపలికి పోనిచ్చి చూద్దామనిపించింది."

భానోజీ తడిగుడ్డతో అతని మెడ తుడిచి, పక్కనే నేలమీద వాలి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు.

వానలు తగ్గేనాటికి రత్నం లేచి తిరుగుతోంది. డాక్టర్ మృణాళిని ముగ్గురినీ పిలిపించింది. పరీక్షల ఫలితాలు ఆమెకే ఆశ్చర్యంగా ఉన్నట్టున్నాయి.

"రత్నంగారి కడుపులో ఇప్పుడున్నది పూర్తిగా భానోజీగారి తోటే. ఆమెది ఒక్క మొక్క కూడా లేదు. మీ ఇద్దరి పాత ముడి విడిపోయింది, అందుకే భానోజీగారి తోటా ఎండిపోలేదు. ఇలా జరగొచ్చని ఎవరూ రాసిపెట్టలేదు. భానోజీగారూ, ఇక మీకు ఆమె సీసా అక్కర్లేదు, ఆమెకి మీదీ అక్కర్లేదు."

ఎన్నో ఏళ్ళుగా వినాలనుకున్న మాట. భానోజీ తలూపాడు. సంతోషం ఎక్కడైనా ఉందా అని లోపల వెతుక్కున్నాడు. నిద్ర మాత్రమే కనబడింది.

"ఇంకొకటి," అంది డాక్టర్. "ఇది ఆమె కడుపులో కొత్తగా మొలిచిన తోట, దీనికింకా ముడి పడలేదు. కాబట్టి ఆమె, గవర్రాజుగారు కావాలంటే ముడి వేయించుకోవచ్చు. కాకపోతే గవర్రాజుగారి తోట కలిసేది భానోజీగారి తోటతో. మూలం ఆయనే కాబట్టి, ముడి కుదురుకునేదాకా ఇద్దరూ ఆయన తాజా తోడు మీదే బతకాలి. ఏడాది పట్టొచ్చు."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. బయటికి వచ్చాక భానోజీ భీమిలి వెళ్ళి తన జాడీ తీసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

అనంతగిరి ప్రయాణం ముందురోజు అతను బట్టలు సర్దుకుంటుంటే మళ్ళీ తలుపు చప్పుడైంది. గవర్రాజే. లోపలికి రమ్మన్నా రాలేదు.

"రత్నానికి మీరు బావ," అన్నాడు గుమ్మంలోనే నిలబడి. "ఆ వరసన నాకు అన్న అవుతారు. ఇన్నాళ్ళూ అలగ పిలవడానికి నోరు రాలేదు. ఇప్పుడు పనిబడి పిలుస్తన్నానని అనుకున్నా ఫరవాలేదు. అన్నా, ఒక్క ఏడాది ఉండిపోవా?"

"నా తోట నీ కడుపులో పెట్టుకుంటావా?"

"పెట్టుకుంటాను."

"రత్నం ఏమంది?"

"కింద కూచుంది. మెట్లెక్కలేదు. ఎక్కినా అడగనంది."

భానోజీ మెట్లు దిగాడు. కింద అరుగు మీద రత్నం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అతను పక్కన కూర్చున్నాడు. ఎదురుగా రోడ్డు మీద పిల్లలు ఎవరి డబ్బాలు వాళ్ళు మెళ్ళో తగిలించుకుని బడి నుంచి వస్తున్నారు.

"నేనడగను బావా," అంది ఆమె. "నిన్ను అడిగీ అడిగీ ఒకప్పుడే అలిసిపోయేను. నువ్వు కొండకెళ్తే ఏ నిష్ఠూరమూ లేదు. నా ప్రాణం నిలబెట్టేవు, అది చాలు."

"నీకు కావాలా, వద్దా? అది చెప్పు."

ఆమె కొంగు అంచు వేళ్ళకి చుట్టుకుంది.

"ఆ మనిషికి ఒక్క పూట వండిపెట్టాలని ఉంది," అంది చివరికి.

కొండమీది ఉద్యోగం ఏడాది ఆగదు. రేపు వెళ్ళకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆ సంగతి ఆమెకి తెలియదు. అతను చెప్పలేదు.

"నేను బాగా అలిసిపోయి ఉన్నాను రత్నం."

"అది కనబడతానే ఉంది."

"సాయంత్రాలు నన్ను మాట్లాడమనొద్దు. వండుతాను, తింటాను, పడుకుంటాను. అంతే."

"మాట్లాడమన్ను."

అతను పైకి వెళ్ళి, సర్దిన పెట్టెనే అలాగే మోసుకుని దిగాడు. గవర్రాజు జాడీ ఎత్తుకున్నాడు.

ముడి వేయించాక గవర్రాజు చాలా బాధపడ్డాడు. వారాలపాటు జ్వరం, నీరసం. భానోజీ ఇద్దరికీ వండాడు, ఇద్దరి జాడీలూ చూశాడు. పంపులతో వేగుతూనే ఉన్నాడు. ముగ్గురు ఎదిగిన మనుషులు ఒకే తోట మీద బతుకుతున్న ఇల్లు భీమిలిలో అదొక్కటే. ఇరుగుపొరుగు ముందు చెవులు కొరుక్కున్నారు, తర్వాత విసుగొచ్చి మానేశారు. ముడి గురించి ఎక్కడ చదివినా మొగుడూ పెళ్ళాం అనే ఉండేది. మూడో మనిషిని ఏమనాలో దాన్ని కనిపెట్టినవాళ్ళకి తట్టలేదు.

పరీక్షలో ముడి కుదురుకుందని తెలిసిన రోజున రత్నం భానోజీని వంటింట్లోంచి పంపేసింది. వంజరం చేప తెప్పించి పులుసు పెట్టింది. ఒకే కుండ అన్నం. మూడు కంచాలు వేసింది. కిటికీ దగ్గరి స్టూలు మీద ఆ పూట ఎవరూ కూర్చోలేదు.

గవర్రాజు అన్నం ముందు కూర్చుని కాసేపు చెయ్యి పెట్టలేదు. రత్నం నిలబడి చూస్తోంది. అతను కలుపుకున్నాడు, ముద్ద చేశాడు, నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మింగాడు. కడుపులోకి పోయినదాన్ని చెవి ఒగ్గి వింటున్నవాడిలా కదలకుండా ఉన్నాడు. ఏమీ కాలేదు.

"ఎలగుంది?" అంది రత్నం.

"ఉప్పెక్కువైంది," అన్నాడు గవర్రాజు.

"ఎక్కువైందా?" ఆమె మొహం ఎర్రబడింది. "తొమ్మిదేళ్ళు నీ మాడుకంపు భరించేను. నోర్మూసుకుని తిను."

అతను తలొంచుకుని తిన్నాడు. గబగబా, ఎవరో లాక్కుంటారన్నట్టు తిన్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే ఎడమ చేత్తో తుడుచుకుని, కారమని గొణిగాడు. ఆమె అతని పక్కనే కూలబడి, అతని కంచంలోంచే ఒక ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది. ఉప్పు నిజంగానే ఎక్కువైంది. పైకి మాత్రం అనలేదు.

భానోజీ తన కంచంలోకే చూసుకుంటూ పులుసన్నం ముగించాడు. నడుం నొప్పిగా ఉంది. రేపు పొద్దున్నే పోటు సమయానికి గోడ మీద ఉండాలి. వాళ్ళిద్దరినీ వదిలి వెళ్ళి పడుకుందామని మోకాలి మీద చెయ్యి ఆన్చి లేవబోయాడు.

"కూచో బావా," అంది రత్నం, అతనివైపు తిరక్కుండానే. "పెరుగన్నం తినలేదు."

అతను కూర్చున్నాడు. కంచం ముందుకి జరిపాడు.